కొత్త ఫ్లోటర్లకు ‘కంగారు పడొద్దు’ అన్న జవాబు సరిపోదు

సంపాదకుల వారికి, నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన ఒక ప్రశ్న, దానికిచ్చిన జవాబు చూసి ఈ ఉత్తరం రాస్తున్నాం. యాభై ఎనిమిదేళ్ల పాఠకుడికి వారం రోజులుగా కుడికంటి ముందు నల్లటి దారాలు, ఈగల్లాంటి మచ్చలు (వీటినే ఫ్లోటర్లు అంటారు) తేలుతున్నాయట. చీకట్లో కన్ను తిప్పితే పక్కనుంచి మెరుపు మెరిసినట్టు కూడా ఉంటోందట. ‘వయసు పైబడుతుంటే ఇవి మామూలే, కంగారు పడొద్దు, నీళ్లు బాగా తాగండి’ అన్నది జవాబు. ఆయన ఇవే మచ్చలు అయిదేళ్లుగా ఉన్నాయని రాసి ఉంటే మాకు పేచీ లేదు, నీళ్ల సంగతి తప్ప. కానీ వారం రోజులుగా, ఒకే కంట్లో, మెరుపులతో కలిసి వస్తున్నాయని చెప్పినప్పుడు ఇవ్వాల్సిన సలహా ఒక్కటే: ఇవాళే వెళ్లి, కనుపాప పెద్దదయ్యే చుక్కల మందు వేయించుకుని, రెటీనాను (కంటి వెనక వెలుగును పట్టే పొరను) అంచుల దాకా చూపించుకోండి.

ఎందుకో చెబుతాం. కంటిగుడ్డులో లెన్సుకీ రెటీనాకీ మధ్య ఉన్న జాగాను నింపేది విట్రియస్ అనే జెల్. మొత్తం కలిపి 4 మిల్లీలీటర్లు ఉంటుందేమో. అందులో దాదాపు 98 శాతం నీరే. మిగతా కాస్తలో సన్నని కొల్లాజెన్ పోగులు, అవి ఒకదానికొకటి అంటుకోకుండా ఎడంగా ఉంచే హయలురోనిక్ ఆమ్లం ఉంటాయి. (ముఖానికి రాసుకునే క్రీముల ప్రకటనల్లో ఇప్పుడు వినపడే ఈ ఆమ్లాన్ని 1934లో మొదటిసారి వేరుచేసింది పశువుల కంటి విట్రియస్ నుంచే.) ఏళ్లు గడిచేకొద్దీ ఈ అమరిక చెడుతుంది. పోగులు చిక్కుపడి ఉండలు కడతాయి, నడుమ నీటి గుంటలు ఏర్పడతాయి. ఉండల నీడ రెటీనా మీద పడితే మనకు మచ్చగా, దారంగా కనపడుతుంది. కన్ను తిప్పితే వెంట వస్తుంది, కన్ను ఆపినా కాసేపు ఊగుతుంది. తాగిన నీళ్లు ఈ పోగుల చిక్కు విప్పవు.

ఒక దశలో ఆ జెల్ కుంచించుకుపోయి వెనక భాగంలో రెటీనాను వదిలేస్తుంది. డాక్టర్లు దీన్ని పీవీడీ అంటారు. ఎక్కువమందికి యాభై దాటాక వస్తుంది. మైనస్ పవరు బాగా ఉన్నవాళ్లకు ముందే రావచ్చు, శుక్లాల ఆపరేషన్ అయిన కంట్లో కూడా త్వరగా వస్తుంది. ‘కొత్త లెన్సు వేశారు కాబట్టి ఇప్పుడు బాగా కనిపిస్తున్నాయిలే’ అని శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు కొత్త మచ్చల్ని పట్టించుకోరు. ఆ మాటలో కొంత నిజం ఉన్నా, పీవీడీ మొదలయ్యే కాలం కూడా అదే.

చాలామందిలో జెల్ ఏ గొడవా లేకుండా ఊడొస్తుంది. ఆప్టిక్ నరం చుట్టూ అంటుకుని ఉన్న ముక్క గుండ్రంగా తేలుతూ కనపడుతుంది, దాన్నే వీస్ రింగ్ అంటారు. చిక్కంతా జెల్ గట్టిగా పట్టుకుని ఉండే చోట్ల: రెటీనా ముందు అంచు దగ్గర, రక్తనాళాల వెంబడి, లాటిస్ అనే పలచబడ్డ పట్టీల అంచుల్లో. లాటిస్ నూటికి ఎనిమిది మందిలో ఉంటుంది, ఉన్నట్టు వాళ్లకే తెలియదు. అలాంటి చోట జెల్ లాగితే, పాత గోడ మీది పోస్టరు పీకినప్పుడు సున్నం పెచ్చు ఊడొచ్చినట్టు రెటీనా చిరుగుతుంది. లాగుడు తగిలినప్పుడు రెటీనా దాన్ని నొప్పిగా చెప్పలేదు, వెలుగుగానే చెబుతుంది. ఆ మెరుపు అదే. మైగ్రేన్ మెరుపు వేరు. అది వంకర టింకర గీతలుగా, సాధారణంగా రెండు కళ్లలోనూ, ఇరవై ముప్ఫై నిమిషాలు సాగుతుంది. ఇది క్షణంలో మెరిసి పోతుంది, చాలావరకు కణత వైపు, చీకట్లో ఎక్కువగా.

గుర్రపు నాడా ఆకారంలో చిరిగిన ఆ కన్నంలోంచి ద్రవం రెటీనా కిందికి చేరితే రెటీనా లేచిపోతుంది. చిరుగులు ఎక్కువగా పై భాగంలో, కణత వైపున వస్తాయి. పై భాగం ఊడితే నీడ కింద నుంచి పైకి తెరలా వస్తుంది, ఎందుకంటే రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. ద్రవం కిందికి జారుతుంది కాబట్టి పై భాగంలో ఊడింది రోజుల్లో, ఒక్కోసారి గంటల్లో, చూపుకు కీలకమైన నడిమి భాగాన్ని, అంటే మాక్యులాను, చేరగలదు. మాక్యులా ఊడకముందు ఆపరేషన్ జరిగితే చదివే చూపు చాలావరకు నిలుస్తుంది. ఊడిన తర్వాతైతే రెటీనాను అతికించినా పూర్వపు చూపు రాకపోవచ్చు.

ఇలాంటివాళ్లలో చిరుగు ఎంతమందికి ఉంటుందన్న ప్రశ్నకు 2009లో జామా పత్రికలో వచ్చిన సమీక్ష జవాబిచ్చింది. హఠాత్తుగా ఫ్లోటర్లో మెరుపులో మొదలై పీవీడీ ఉన్నట్టు తేలినవాళ్లలో సుమారు 14 శాతం మందికి రెటీనా చిరుగు కనపడింది. అంటే ఏడుగురిలో ఒకరికి. దీంతో పాటు చూపు తగ్గినట్టు అనిపించినా, జెల్‌లో రక్తం గానీ గోధుమరంగు నలుసులు గానీ కనపడినా ప్రమాదం చాలా ఎక్కువ. స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోపులో కనపడే ఆ నలుసుల్ని ‘పొగాకు పొడి’ అంటారు (మా గుంటూరు వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు). మొదటి పరీక్షలో ఏమీ లేదని పంపినవాళ్లలో కూడా 3.4 శాతం మందికి ఆరు వారాల లోపు చిరుగు వచ్చింది. అందుకే ‘నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్లీ రండి’ అని డాక్టరు చీటీ మీద రాస్తే అది ఫీజు కోసం రాసిన మాట అనుకోవద్దు.

పరీక్ష ఎలా జరగాలో పాఠకులకు తెలియాలి, ఎందుకంటే సగం పరీక్షతో ‘అంతా బాగుంది’ అనిపించుకుని ఇంటికి వెళ్లేవాళ్లే ఎక్కువ. మన దగ్గర సాధారణంగా ట్రోపికమైడ్ 0.8 శాతం, ఫినైలెఫ్రిన్ 5 శాతం కలిసిన చుక్కల మందు వాడతారు. పది పదిహేను నిమిషాల తేడాతో రెండు మూడుసార్లు వేస్తే అరగంట, ముప్పావు గంటలో కనుపాప తెరుచుకుంటుంది. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉంటే ముందే చెప్పండి, ఫినైలెఫ్రిన్ లేని మందు వేస్తారు. తర్వాత డాక్టరు తలకు ఇన్‌డైరెక్ట్ ఆప్తాల్మోస్కోపు పెట్టుకుని, చేతిలో 20 డయాప్టర్ల లెన్సుతో, చాలాసార్లు రోగిని పడుకోబెట్టి, రెటీనా చుట్టూ చూస్తారు. రెప్ప మీదుగా చిన్న లోహపు పరికరంతో నొక్కితే ముందు అంచు కూడా కనపడుతుంది. ఆ నొక్కుడు అసౌకర్యంగానే ఉంటుంది. రెండో కన్ను కూడా చూడాలి, అక్కడ ఏ లక్షణమూ లేకున్నా సరే.

అక్షరాల బోర్డులో 6/6 వచ్చినంత మాత్రాన చిరుగు లేదని కాదు. చిరుగు ఉండేది అంచున, అక్షరాలు చదివేది మధ్యలో. అద్దాల షాపులో చేసే పవర్ పరీక్ష కూడా అంతే. షుగరు క్యాంపుల్లో తీసే ఫండస్ ఫోటో మామూలుగా 45 డిగ్రీల మధ్య భాగాన్నే పట్టుకుంటుంది, రెటీనా పొరల్ని చూపే ఓసీటీ స్కాన్ ఇంకా మధ్యకే పరిమితం. ఆ రెండూ తమ పనికి అక్కరకొచ్చేవే, ఈ పనికి కాదు. రక్తం అడ్డుపడి లోపల ఏమీ కనపడకపోతే బీ-స్కాన్ అల్ట్రాసౌండ్ చేయకుండా రోగిని పంపకూడదు.

చిరుగు దొరికితే, కింద ద్రవం చేరకముందే దాని చుట్టూ రెండు మూడు వరుసల్లో లేజర్ వేస్తారు. క్లినిక్‌లోనే కూర్చోబెట్టి, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. కాలిన చోట మచ్చ కట్టి అతుకు గట్టిపడటానికి పది రోజులు, రెండు వారాలు పడుతుంది. ఆ లోపు కొత్త మచ్చలు, తెర, మెరుపులు పెరగడం కనిపిస్తే వెంటనే చెప్పాలి. ఈ లేజరు ఫ్లోటర్లను తీసేయదు, అందుకోసం వేసేదీ కాదు. ఈ ముక్క ముందే చెప్పకపోవడం వల్ల ‘లేజరు వేయించినా మచ్చలు పోలేదు’ అని తర్వాత గొడవలు జరుగుతుంటాయి.

రెటీనా అప్పటికే ఊడితే ఆపరేషనే. ఊడిన రెటీనా అంటే చూపు మీద ఆశ వదులుకోవడమే అనుకునే రోజుల్లో, స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో జూల్స్ గోనిన్ చిరుగును మూస్తే రెటీనా తిరిగి అతుకుతుందని 1920లలో నిరూపించాడు. ఇప్పటికీ ఆపరేషన్లన్నిటికీ మూలసూత్రం అదే. 1970ల ఆరంభంలో మయామీలో రాబర్ట్ మషెమర్ మొదలుపెట్టిన విట్రెక్టమీ (జెల్‌ను కత్తిరించి తీసేసే ఆపరేషన్) పరికరం 17 గేజ్‌ది, దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్ల లావు. ఇప్పుడు వాడే 25 గేజ్‌ది అర మిల్లీమీటరే. ఆపరేషన్ చివర్లో కంట్లో గ్యాస్ నింపితే డాక్టరు చెప్పిన భంగిమలోనే తల ఉంచాలి. ఎస్ఎఫ్6 గ్యాస్ సుమారు రెండు వారాలు, సీ3ఎఫ్8 ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంటుంది. అది పూర్తిగా పోయేదాకా విమానం ఎక్కకూడదు. పైకి వెళ్లేకొద్దీ గ్యాస్ వ్యాకోచించి కంటి ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. తిరుమల, అరకు లాంటి కొండదారులు కూడా డాక్టరును అడిగాకే. ఆ సమయంలో వేరే ఏ ఆపరేషన్ కోసం మత్తు ఇవ్వాల్సి వచ్చినా కంట్లో గ్యాస్ ఉందని చెప్పి తీరాలి, నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువు ఇస్తే అదే ప్రమాదం. ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) జాబితాలో రెటీనా ఆపరేషన్లు ఉన్నాయి. మీ ఆసుపత్రికి అది వర్తిస్తుందా అని అక్కడి పథకం సిబ్బందిని ముందే అడగండి.

ఇక పాత ఫ్లోటర్ల సంగతి. చిరుగు లేదని తేలాక ‘అలవాటు చేసుకోండి’ అని పంపేయడం మన దగ్గర ఆనవాయితీ. చాలామందికి నిజంగానే అలవాటైపోతుంది. కానీ కొందరికి బాధ చిన్నది కాదు. సింగపూర్‌లో 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ మచ్చలు పోతాయంటే మిగిలిన ప్రతి పదేళ్ల జీవితంలో 1.1 ఏళ్లు వదులుకోవడానికి రోగులు సగటున సిద్ధపడ్డారు. కాలిఫోర్నియాలో జెర్రీ సెబాగ్ బృందం కాంట్రాస్ట్ సెన్సిటివిటీని (లేత, ముదురు ఛాయల తేడా పసిగట్టే శక్తిని) కొలిచి, అక్షరాల బోర్డు బాగా చదివే ఈ రోగుల్లో అది గణనీయంగా పడిపోయిందని చూపింది. అంటే ‘చూపు బాగానే ఉందిగా’ అనే మాట తప్పు కొలబద్దతో కొలిచి చెప్పింది.

చికిత్సలు మాత్రం ఇంకా బేరీజు వేసుకోవాల్సినవే. ఫ్లోటర్లను పగలగొట్టే యాగ్ లేజర్ మీద 2017లో వచ్చిన అమెరికా ట్రయల్‌లో, వీస్ రింగ్ ఉన్న 52 మందిలో నిజం లేజర్ పొందినవాళ్లకు ఆరు నెలలకు 54 శాతం మేర ఇబ్బంది తగ్గింది, ఉత్తుత్తి లేజర్ పొందినవాళ్లకు 9 శాతం. బాగానే ఉంది. అయితే అది వీస్ రింగ్ లాంటి, లెన్సుకీ రెటీనాకీ దూరంగా తేలే పెద్ద ముక్కలకు పనికొస్తుంది. పాతికేళ్ల కుర్రాడికి రెటీనా ఆనుకుని ఉండే పలుచని దారాల మీద గురిపెట్టడం ప్రమాదం. విట్రెక్టమీ ఫలితం మెరుగైనదే గానీ, యాభై దాటి సొంత లెన్సు ఉన్నవాళ్లకు ఒకటి రెండేళ్లలో శుక్లం రావడం దాదాపు ఖాయం, రెటీనా ఊడే ముప్పు కొద్దిగానైనా ఉంటుంది, ఇన్ఫెక్షన్ అరుదే అయినా వస్తే కన్ను పోవచ్చు. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయంలో బంగారు నానో కణాలను ఆ పోగులకు అంటించి, తక్కువ శక్తి లేజర్‌తో వాటిని పగలగొట్టే పద్ధతి మీద పని జరుగుతోంది. అది ఇంకా ప్రయోగశాలలోనే ఉంది.

వాట్సాప్‌లో తిరిగే అనాస ముక్కల చికిత్సకు మూలం 2019లో తైవాన్ నుంచి వచ్చిన ఒక వ్యాసం. తాము అనాస తింటున్నామని అందులోని వాళ్లకు తెలుసు, అది వచ్చింది కంటి వైద్య పత్రికలోనూ కాదు. షుగరున్నవాళ్లు రోజూ తినాలనుకుంటే ఫ్లోటర్లు పోకపోగా షుగరు పెరుగుతుంది. పొటాషియం అయోడైడ్ కలిపిన చుక్కల మందు రాసే అలవాటు ఇంకా ఉంది. కంటి బయట వేసిన మందు జెల్ దాకా చేరేది నామమాత్రం. ఐర్లండ్‌లోని వాటర్‌ఫోర్డ్‌లో 61 మంది మీద ఆరు నెలలు జరిగిన పోషకాల ట్రయల్‌లో ఇబ్బంది కొంత తగ్గినట్టు వచ్చింది. అదొక్కటే చూసి నెలనెలా మాత్రలు కొనమని మేం చెప్పం.

ఒక మినహాయింపు. మచ్చలన్నీ వయసువి కావు. షుగరున్నవాళ్లకు మసి రాలినట్టు, ఎర్రటి పొగ కమ్మినట్టు ఒక్కసారిగా వస్తే అది రక్తస్రావం. ఇరవై, ముప్ఫై ఏళ్ల మగవాళ్లలో మన దేశంలో ఎక్కువగా కనపడే ఈల్స్ జబ్బులోనూ ఇలాగే పదేపదే రక్తం కారుతుంది. కన్ను ఎర్రబడి వెలుగు చూడలేకపోతూ మచ్చలు వస్తే లోపల వాపు ఉన్నట్టు. వీటిలో దేనికీ ‘వయసు’ అన్న జవాబు చెల్లదు.

మా విన్నపం: ఇలాంటి ప్రశ్న ఇకపై వస్తే జవాబు రాసే డాక్టరు గారు మొదట మూడు విషయాలు అడగాలి. ఎప్పటి నుంచి, ఒక కన్నా రెండు కళ్లా, మెరుపులు గానీ తెర గానీ ఉందా. పాఠకుడు ఆసుపత్రికి ఫోన్ చేసేటప్పుడు కూడా ‘కళ్లు చూపించుకోవాలి’ అనకుండా ఇవే మూడు ముక్కలు చెబితే అపాయింట్‌మెంట్ వారం తర్వాతకు కాక ఆ రోజుకే దొరుకుతుంది. హైదరాబాద్‌లో సరోజినీ దేవి, విశాఖ, కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రులు ప్రభుత్వానివే. వెళ్లేటప్పుడు తోడు ఒకరిని తీసుకెళ్లండి, చుక్కల మందు వేశాక నాలుగైదు గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి, ఎండ భరించలేరు, బండి నడపకూడదు.

ఇట్లు,
రెటీనా క్లినిక్కుల్లో పనిచేస్తున్న కొందరు ఆప్టోమెట్రిస్టులు,
గుంటూరు