వారాంతపు విహారాల కథనాల్లో సముద్రం సంగతి కూడా రాయండి

సంపాదకులకు,

అయ్యా,

మిత్రబృందంతో వారాంతంలో విదేశీ సాగరతీరానికి వెళ్లి రావడం ఎలాగో చెప్పే కథనాలు ఈమధ్య పత్రికల ఆదివారం అనుబంధాల్లో తరచుగా వస్తున్నాయి. వాటిని గురించే ఈ ఉత్తరం. శుక్రవారం రాత్రి విమానమెక్కి, ఫుకెట్, క్రాబీ వంటి థాయిలాండ్ తీరాలు చూసుకుని, సోమవారం ఉదయానికి మళ్లీ ఆఫీసులో ఉండేలా ప్రయాణాన్ని ఎలా అమర్చుకోవాలో అవి ఎంతో ఓపికగా వివరిస్తాయి. ఏ హోటల్లో దిగాలో, ఏ దీవిలో ఫొటోలు బాగా వస్తాయో చెబుతాయి. ఏ నెలల్లో ఆ సముద్రంలో దిగకూడదో మాత్రం చెప్పవు. వెళ్లవద్దనడం నా ఉద్దేశం కాదు; మిత్రులతో కలిసి నేనూ అక్కడికి వెళ్లి వచ్చినవాణ్ణే, వీలు కుదిరితే మళ్లీ వెళతాను కూడా. చేతిలో రెండు రోజులే ఉన్నప్పుడు మనిషిని పట్టుకునే తొందర సముద్రం దగ్గర ఎంత ప్రమాదకరమో ఆ కథనాలు పట్టించుకోవడం లేదన్నదే నా అభ్యంతరం.

ఫుకెట్, క్రాబీ, ఫిఫీ దీవులు అండమాన్ సముద్రానికి తూర్పు దిక్కున, అంటే మన అండమాన్ దీవులకు ఆవలి ఒడ్డున ఉన్నాయి. మృగశిర కార్తెలో మనం ఎదురుచూసే నైరుతి రుతుపవనాలే మే నెల నుంచి అక్టోబరు దాకా ఆ తీరాన్నీ తాకుతాయి. ఆ నెలల్లో వాన గంటసేపు దంచి కొట్టి వెలిసిపోవచ్చు, ఆ వెంటనే ఎండ కాయవచ్చు. సముద్రం మాత్రం అంత త్వరగా సద్దుమణగదు. ప్యాకేజీలు బాగా చౌకగా దొరికేది కూడా ఆ నెలల్లోనే, ఆ చౌకదనానికి కారణమేమిటో ప్రకటనల్లో ఎవరూ వేయరు. ఆ తీరానికే చెందిన సిమిలాన్ దీవుల జాతీయ ఉద్యానాన్ని ఏటా మే మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు మూసి ఉంచుతారు. ఫిఫీ దీవుల్లోని ప్రసిద్ధమైన మాయా బే అనే చిన్న అఖాతంలోకి ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఎవరినీ అనుమతించరు. అదే దేశంలో తూర్పున, థాయిలాండ్ సింధుశాఖలో ఉన్న కో సముయ్ దీవి లెక్క వేరు. అక్కడ భారీ వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి. కాబట్టి జూలైలో సెలవు దొరికినవారు ప్రయాణం మానుకోనక్కరలేదు, తీరం మార్చుకుంటే చాలు. ఇంతమాత్రం రాయడానికి పత్రికలో పట్టే చోటు రెండు వాక్యాలే.

మేము వెళ్లినప్పుడు ఫుకెట్‌లోని కరోన్ బీచ్‌లో కనిపించిన దృశ్యం ఒకటి చెబుతాను. ఇసుకలో ఎర్రజెండా పాతి ఉంది, లైఫ్‌గార్డు ఈల వేస్తూ అటూ ఇటూ నడుస్తున్నాడు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడ్డ నలుగురైదుగురు కుర్రవాళ్లు వెనక్కి రాకుండా అతనికి చేతులూపుతున్నారు. వాళ్లలో ఒకడు "రేపు సాయంత్రం ఫ్లైటు పెట్టుకుని ఇప్పుడు దిగకపోతే ఇంకెప్పుడు దిగుతాంరా" అని అచ్చమైన తెలుగులో అనడం మా చెవిన పడింది. ఆ జెండా అర్థం తెలియనివాళ్లేమీ కాదు వాళ్లు. వారం రోజులుండే యాత్రికుడైతే ఎర్రజెండా చూసి, ఇవాళ కాకపోతే ఎల్లుండి అనుకుని గదికి పోతాడు. వీళ్లకు ఎల్లుండి లేదు. ముందుగా డబ్బు కట్టేశాం, ఆఫీసులో బతిమాలి సెలవు తెచ్చుకున్నాం, పైగా పక్కన స్నేహితులున్నారు, వద్దన్నవాడు పిరికివాడనిపించుకుంటాడు. చివరికి లైఫ్‌గార్డు తానే నీళ్లలోకి నడిచి వచ్చి వాళ్లను బయటికి పంపాడు.

మోకాళ్ల లోతుకే అంత హడావిడి ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అలలు ఒడ్డుకు తోసిన నీరంతా తిరిగి లోపలికి పోవాలి కదా. అది ఇసుక మేటల మధ్య ఎక్కడో ఒక సందు చూసుకుని, ఇరుకైన పాయగా మారి జోరుగా వెనక్కి పారుతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. ఆ పాయ మీద అలలు అంతగా విరగవు కాబట్టి, చుట్టూ నురుగు పరుచుకున్నా అక్కడి నీరు కాస్త ముదురు రంగులో, నిదానంగా కనిపిస్తుంది. ఈత సరిగా రానివాడు, ఇక్కడైతే అలల దెబ్బ ఉండదనుకుని, ఏరికోరి అక్కడే దిగుతాడు. ఆ ప్రవాహం మనిషిని అడుక్కి లాగదు, ఒడ్డుకు దూరంగా ఈడ్చుకుపోతుంది. భయపడి దానికి ఎదురీదినవాడు, గజ ఈతగాడైనా సరే, అలసిపోయి మునుగుతాడు. చేయవలసిందల్లా వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి సాయం కోరడం, ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా ఈది పాయ దాటిన తర్వాత అలలతోపాటు గట్టుకు రావడం. కొట్టుకుపోతున్న స్నేహితుణ్ణి కాపాడబోయి వెంటనే దూకే రెండోవాడు కూడా ప్రాణం పోగొట్టుకున్న సందర్భాలు ఎన్నో ఉన్నాయి. లైఫ్‌గార్డును కేకేసి, తేలే వస్తువేదైనా అందించడమే అప్పుడు చేయదగిన పని. లైఫ్‌గార్డుల కాపలా ఉన్న బీచ్‌లలో ఎరుపు, పసుపు కలిసిన జెండాలు రెండు పాతి ఉంటే వాటి నడుమ ఈదవచ్చు. ఒంటి ఎర్రజెండా ఉంటే దిగకూడదు.

పడవల విషయంలోనూ ఇదే తొందర. 2018 జూలై 5న ఫుకెట్ సమీపంలో ఫీనిక్స్ అనే పర్యాటకుల పడవ తుపానుగాలికి మునిగి, 47 మంది చైనా యాత్రికులు చనిపోయారు. సముద్రం బాగాలేదన్న హెచ్చరికలు అప్పటికే ఉన్నాయి. ఆ కాలంలో దీవుల యాత్రను పడవవాళ్లు తామే రద్దు చేస్తే మొహం ముడుచుకోకుండా డబ్బు వాపసు అడగాలి. వాళ్లు వస్తామన్నా, రేవులో మిగతా పడవలన్నీ కట్టేసి ఉన్నాయేమో ఒకసారి చూసుకోవాలి. లైఫ్ జాకెట్ ఒడిలో పెట్టుకుని కూర్చునేవాళ్లను గురించి చెప్పడానికి నా దగ్గర మర్యాదైన మాటలు లేవు.

వారాంతపు ప్రయాణికులకు ప్రత్యేకంగా తగిలే ప్రమాదం మరొకటుంది. గాలి సిలిండరు తగిలించుకుని నీటి లోతుకు దిగే స్కూబా డైవింగ్‌ను చాలామంది చివరి రోజు ఉదయానికి పెట్టుకుంటారు, ఆ సాయంత్రమే విమానమెక్కుతారు. నీటి లోతున ఒత్తిడి మీద గాలి పీల్చినప్పుడు నైట్రోజన్ మామూలుకంటే ఎక్కువగా రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. అది మెల్లగా బయటికి పోవడానికి గంటలు పడుతుంది. ఈలోగా విమానమెక్కితే, క్యాబిన్‌లో గాలి ఒత్తిడి నేల మీద కంటే తక్కువ కాబట్టి, మిగిలిన నైట్రోజన్ ఒంట్లోనే బుడగలు కట్టి, కీళ్ల నొప్పులు మొదలుకొని పక్షవాతం వరకు దేనికైనా దారితీయవచ్చు. అందుకే ఒక్కసారి మాత్రమే డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేసినవారు కనీసం 18 గంటలు ఆగి విమానమెక్కాలన్నది డైవింగ్ రంగంలో అందరూ పాటించే నియమం. శనివారం డైవింగ్, ఆదివారం స్నోర్కెలింగ్ పెట్టుకుంటే సమస్యే ఉండదు, ఎందుకంటే నీటి పైపైన తేలుతూ చేసే స్నోర్కెలింగ్‌కు ఈ గొడవ లేదు. మేము కార్యక్రమం బుక్ చేసుకున్నచోట తిరుగు విమానం ఎన్ని గంటలకో ఎవరూ అడగలేదు. మా బృందంలో ఒక మిత్రుడికి ఈ సంగతి ముందే తెలియబట్టి రోజులు అటూ ఇటూ మార్చుకున్నాం.

అద్దె స్కూటర్ల గురించి క్లుప్తంగా రాస్తాను. థాయిలాండ్‌లో కూడా మనలాగే రోడ్డుకు ఎడమ పక్కన నడుపుతారు కాబట్టి మనవాళ్లకు ధైర్యం కాస్త ఎక్కువ. ద్విచక్ర వాహనానికి చెల్లే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా నడిపి కిందపడితే, ప్రయాణ బీమా సాధారణంగా పైసా ఇవ్వదు. మద్యం తాగి ఉంటే సరేసరి. పాస్‌పోర్టును తాకట్టుగా అడిగే దుకాణంలో అసలు బండి తీసుకోకపోవడమే మంచిది.

తొందర వల్ల సముద్రానికి జరిగే నష్టం కూడా ఉంది. అందరూ ఒకే సమయానికి ఒకే ఫొటో కోసం మాయా బేకి రావడంతో, పడవల లంగర్లు, మనుషుల కాళ్లు తగిలి అక్కడి పగడపు దిబ్బలు పాడైపోయాయి. 2018 జూన్‌లో దాన్ని మూసేసి, 2022 జనవరిలో గానీ మళ్లీ తెరవలేదు. ఆ విరామంలో నల్లరెక్కల చిన్న సొరచేపలు ఆ తీరానికి తిరిగి వచ్చాయి. ఇప్పుడు పడవలు దీవి వెనుక వైపు ఆగాలి, బేలో ఈత నిషిద్ధం. పగడాలకు హాని చేసే నాలుగు రసాయనాలున్న సన్‌స్క్రీన్‌లను సముద్ర జాతీయ ఉద్యానాల్లో వాడకూడదని 2021 ఆగస్టులో నిషేధించారు. జుర్మానా థాయిలాండ్ డబ్బులో లక్ష బాత్‌ల దాకా ఉంటుంది. సీసా వెనుక చిన్న అక్షరాల్లో ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ వంటి ఆ రసాయనాల పేర్లున్నాయేమో ఇంట్లోనే చూసుకుని బయలుదేరడం నయం.

పై వివరాల్లో రహస్యమైనదేదీ లేదు. అయితే టికెట్లు కొన్నాక వెతుక్కుంటే అవి అక్కరకు రావు, ఎందుకంటే ఏ నెల, ఏ తీరం, ఏ రోజు ఏ పని అన్నది అప్పటికే ఖాయమైపోయి ఉంటుంది. స్నేహితులంతా కలిసి వాట్సాప్ గ్రూపులో తేదీలు తేల్చుకునే ముందు చదివేది మీ కథనాన్నే. కనుక ఇకపై సాగరతీరం గురించి కథనం వేసినప్పుడల్లా, ఆ తీరంలో సముద్రం పోటెత్తి ఉండే నెలలు, జెండాల అర్థం, డైవింగ్‌కూ విమానానికీ మధ్య ఉండవలసిన వ్యవధి, మూసి ఉండే దీవుల పేర్లు ఒక చిన్న బాక్సులో కట్టి వేయవలసిందిగా కోరుతున్నాను. చోటు చాలకపోతే ఫొటోల్లో ఒకటి తగ్గించండి. పాఠకులెవరూ ఫిర్యాదు చేయరు.

ఇట్లు,
మీ పాఠకుడు