మన వెనక బెంచీ సంగతి

ఏరా,

బాగున్నావా? ఫోన్ చేస్తే రెండు నిమిషాలకే "సరే, ఉంటా మరి" అంటావు. అందుకే ఈసారి ఉత్తరం. తీరిగ్గా చదువు. విషయం పెద్దదేం కాదు, క్లాసులో సీట్ల గురించి.

పోయిన నెల మా ఆఫీసు వాళ్లు కంప్యూటర్ పని ఏదో నేర్చుకోమని నన్ను సాయంత్రం క్లాసుల్లో చేర్పించారు. మొదటి రోజు వెళ్లేసరికి గది దాదాపు ఖాళీ. నలభై కుర్చీలు, ముగ్గురు మనుషులు. ఎక్కడైనా కూర్చోవచ్చు. నేనేం ఆలోచించలేదురా, కాళ్లే తీసుకెళ్లి చివరి వరసలో గోడ పక్కన కూలేశాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా! జీతం ఇచ్చి మరీ చదువుకోమంటే, ఎవరి కంటా పడకూడదని దాక్కోవడమేంటని నాకే నవ్వొచ్చింది.

రెండో రోజు అందరూ మళ్లీ అవే కుర్చీల్లో ఉన్నారు. పేర్లేమీ రాసి లేవు, ఎవరూ చెప్పిందీ లేదు. మూడో రోజు నేను కావాలనే రెండో వరసలో కూర్చున్నా. కాసేపటికి రోజూ అక్కడ కూర్చునే ఆయన వచ్చాడు. నా వంక చూశాడు, కుర్చీ వంక చూశాడు. ఏమీ అనలేదు, పక్కన కూర్చున్నాడు. కానీ గంటసేపూ ఆ చూపు, పొలం గట్టు జరిపినవాణ్ని చూసే చూపు!

ఇక నాకు కుతూహలం పట్టుకుంది. చదవడం మొదలుపెట్టా. ఎవరు ఎక్కడ కూర్చుంటే క్లాసులో ఎంత మాట్లాడతారో రాబర్ట్ సోమర్ అనే సైకాలజిస్టు 1967లోనే గమనించి రాశాడట. ముందు వరసల వాళ్లు, మధ్యలో కూర్చున్నవాళ్లు ఎక్కువ మాట్లాడతారు. 1970లో ఆడమ్స్, బిడిల్ అని ఇద్దరు ఆ చోటుకి 'యాక్షన్ జోన్' అని పేరే పెట్టారు. మన లెక్కల మాస్టారు గుర్తున్నారా? ఆయన "అర్థమైందా?" అని అడిగేది క్లాసునంతా కాదు, ఎదురుగా ఉన్న ఆ నలుగురినే. వాళ్లు తల ఊపగానే బోర్డు తుడిచేసేవారు. మనం అప్పటికి హెడ్డింగ్ కింద గీత గీస్తుండేవాళ్లం. ఆయన్ని అనడానికీ లేదులే, మనం తల ఎత్తి చూస్తే కదా!

సరే, ముందు కూర్చుంటే చదువొస్తుందా, చదివేవాళ్లే వెళ్లి ముందు కూర్చుంటారా? చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టే ఉంది. నేనైతే రెండోదే అనుకునేవాణ్ని. మనకి చదువు మీద ధ్యాస లేదు కాబట్టి వెనక్కి పోయాం, అంతే. కానీ ఒక ప్రయోగం గురించి చదివాక ఆ నమ్మకం కదిలింది. కార్ల్ వైమన్ అని, 2001లో ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చినాయన. ఆయనా, కేథరిన్ పెర్కిన్స్ అనే ఆవిడా ఒక పెద్ద ఫిజిక్స్ క్లాసులో సీట్లు లాటరీ వేసినట్టు పంచేశారు. ఎవరికీ ఎంచుకునే వీల్లేదు. సగం కోర్సయ్యాక వెనకవాళ్లని ముందుకి, ముందువాళ్లని వెనక్కి మార్చారు. వెనకున్నవాళ్లని పాఠంలోకి లాగడానికి నానా తంటాలూ పడ్డారు. అయినా మొదటి సగం వెనక కూర్చున్నవాళ్లు ఫెయిలయ్యే అవకాశం, ముందున్నవాళ్లతో పోలిస్తే దాదాపు ఆరు రెట్లు! 2005లో అచ్చయింది ఆ పేపరు. తర్వాత ముందుకొచ్చి కూర్చున్నా ఆ మొదటి నెలల ముద్ర పోలేదన్నమాట. నన్ను పట్టుకుంది అదేరా.

వెంటనే పండగ చేసుకోకు, నెపం బెంచీ మీదకి నెట్టేయొచ్చని. 2007లో ఒక బయాలజీ క్లాసులో చూస్తే పరీక్ష మార్కుల్లో అలాంటి తేడా ఏమీ కనబడలేదట. గది చిన్నదైతే, టీచరు తిరుగుతూ చెబితే వెనక అనే చోటే ఉండదు కదా. కాబట్టి సీటే అంతా చేస్తుందని నేననను. కానీ ఏమీ చేయదని మాత్రం ఇక అనలేను.

ఎలా చేస్తుందో ఆ రెండో వరసలో కూర్చున్న గంటలోనే కొంత తెలిసింది. ముందు, వినబడటం. ఆరుబయట అయితే దూరం రెట్టింపైనప్పుడల్లా గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో గోడలు కొంత తిప్పికొడతాయి గానీ, ఆ తిరిగొచ్చిన శబ్దంతో మాటల చివర్లు కలిసిపోతాయి. వెనక కూర్చుంటే సగం మాటలు విని, సగం ఊహించుకోవాలి. ఆ ఊహించే పనికే బుర్ర అలిసిపోతుంది. ఇక చూపు. వెనక నుంచి కనబడేవి ముప్పై తలకాయలు, వాటి అవతల పాఠం. ముందు నుంచి చూస్తే టీచరమ్మ ఎక్కడ తడబడిందో, ఏ మాట దగ్గర ఆగి ఆలోచించిందో అన్నీ తెలిశాయి. ఆవిడ నా మొహం చూసి, నేను అడక్కుండానే ఒక లెక్క మళ్లీ చెప్పింది. ఇన్నేళ్ల చదువులో నాకోసం ఒకరు పాఠం ఆపడం అదే మొదలు. భయం కూడా వేసిందనుకో. జేబులో ఫోన్ మోగుతున్నా తీయలేకపోయా.

అన్నట్టు, కుర్చీలు అర్ధచంద్రాకారంలో వేస్తే పిల్లలు వరసల్లో కంటే ఎక్కువ ప్రశ్నలు అడిగారని, 1999లో నాలుగో తరగతి పిల్లల మీద చేసిన పరిశీలన ఒకటుంది. ఒక్కడే ఏదన్నా రాసుకునే పనికి మాత్రం వరసలే మేలని వేరే పరిశీలనలు చెబుతాయట. అర్ధచంద్రాకారంలో వెనక బెంచీ అనేదే ఉండదు. మనలాంటివాళ్లు ఏమైపోయేవాళ్లమో!

అసలు నీకు రాయాలనుకున్నది ఇదీ. నాకు గుర్తున్నంతవరకు ఆ మొదటి రోజు మనం లేటుగా వెళ్లాం. చివరి బెంచీ ఒక్కటే ఖాళీ. అందుకే కూర్చున్నాం, అంతకుమించి కారణమేం లేదు. దసరా సెలవులకల్లా మాస్టార్లందరికీ మనం "వెనక బెంచీ గాళ్లం" అయిపోయాం, మనమూ దాన్ని బిరుదులా మోశాం. నువ్వేమో ముందు నుంచీ అక్కడే కూర్చుందామని నేనే పట్టుబట్టానని అందరికీ చెబుతుంటావు. నిజం చెప్పరా, ఆ రోజు ముందు వరసలో ఒక చోటు ఖాళీగా ఉందా? ఉంటే నన్నొదిలి నువ్వెందుకు వెళ్లలేదు?

జవాబు రాయి. ఫోన్ చేయకు.

నీ
బెంచీమేటు