ప్రొటీన్ డబ్బాలకి కూడా శాంపిల్స్ తీయించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది గుంటూరు కొత్తపేట, పిండి మర నడుపుతాం. ఇదివరకు బియ్యం, గోధుమలు, సున్నిపిండి, సీజన్లో కారం, ఇవే వచ్చేవి మాకు. ఈమధ్య జిమ్ముకెళ్ళే పిల్లలు పుట్నాలు, వేరుశనగ గుళ్ళు, మీల్ మేకరు, బఠాణీలు కవర్లలో పోసుకొచ్చి బాబాయ్ ప్రొటీన్ పౌడర్ ఆడించు అంటున్నారు. మీ హెల్త్ పేజీలో చూస్తే ఒక వారం ప్రొటీన్ పౌడర్ తాగితే కిడ్నీలు పోతాయని, ఇంకో వారం మొక్కల ప్రొటీన్ భలే మంచిదని వేస్తున్నారు, అవి చదివి షాపుకెళ్ళినవాడికి ఏ డబ్బా తియ్యాలో తెలుస్తుందా మీరే చెప్పండి.

ముందు నా మర సంగతి చెప్తా. పుట్నాలు ఎంత మెత్తగా ఆడించినా అది పుట్నాల పొడే, 100 గ్రాములకి 20, 22 గ్రాముల ప్రొటీను ఉంటే మిగతాదాంట్లో ఎక్కువ భాగం పిండిపదార్థమే, అంటే 30 గ్రాముల స్కూపు వేసుకుంటే ఒంటికి పట్టేది ఆరేడు గ్రాములు. తినడానికి మంచిదే, కాదనను. కానీ డబ్బాలో వచ్చే బఠాణీ ఐసోలేట్ అలా కాదు, బఠాణీ పిండిని నీళ్ళలో కలిపి గంజి, పీచు వేరు చేసేసి ప్రొటీన్ మటుకు ఎండబెడతారు, అందులో వందకి 80 దాకా ఉంటుంది. ఆ పని ఏ పిండి మరా చెయ్యలేదు. మీల్ మేకరు నూనె తీసేసిన సోయా పిండితో చేస్తారు కాబట్టి వందకి 50 దాకా ఉంటుంది, తక్కువ డబ్బుల్లో దాన్ని మించింది నాకైతే కనపళ్ళేదు. కాకపోతే దాన్ని పొడి కొట్టించుకుని నీళ్ళలో కలిపితే అడుగున ఇసకలాగా కూర్చుంటుంది, పైన తేటంతా తాగేసి కిందది సింకులో పారబోస్తారు, కూర వండుకు తినండ్రా అంటే వినరు. పచ్చి సోయా గింజలు తెచ్చినవాళ్ళని మాత్రం వెనక్కి పంపిస్తున్నా, పచ్చి దాంట్లో ప్రొటీన్ని అరగనివ్వని పదార్థం ఒకటి ఉంటుంది, బాగా వేడి తగిలితేనే పోతుంది. ఒకడైతే ఆగకుండా కారం మిషన్లోనే ఆడించమని తొందరపెట్టి పట్టుకెళ్ళాడు, మర్నాడు గొంతు పట్టుకుని వచ్చాడు, గుంటూరు ప్రొటీన్ అంటే అంతే మరి.

మా అబ్బాయికి పాలు పడవు, పాల నుంచి తీసే వే ప్రొటీన్ తాగితే పొట్ట ఉబ్బరం, అందుకని వాళ్ళ జిమ్ములో ట్రైనరు మొక్కల ప్రొటీన్ అని ఒక డబ్బా అంటగట్టాడు, బిల్లు లేదు. డబ్బా ముందు పెద్దక్షరాలతో 24 గ్రాముల ప్రొటీన్ అని ఉంది. వెనక్కి తిప్పి కళ్ళజోడు పెట్టుకుని చూస్తే ఆ 24 రెండు స్కూపులకట, స్కూపు 35 గ్రాములు, అంటే 70 గ్రాముల పొడికి 24, వందకి 34 చొప్పున పడింది. పదార్థాల్లో బఠాణీ తర్వాత రెండో పేరే మాల్టోడెక్స్ట్రిన్, అది పిండిపదార్థమే. ఆ తర్వాత గ్లైసిన్, టారిన్ అని ఉన్నాయి. ల్యాబుల్లో మామూలుగా నైట్రోజన్ కొలిచి దాన్నిబట్టి ప్రొటీన్ ఇంత అని లెక్క కడతారు, ఇలాంటి చవక అమైనో ఆసిడ్లు కలిపితే లెక్క పెరుగుతుంది, కండ పెరగదు.

కొనేవాళ్ళు ఎవరైనా స్కూపు లెక్క వదిలేసి 100 గ్రాములకి ఎంతో చూడండి, రుచులు కలిపిన మొక్కల పౌడరైనా 65, 70 కంటే తక్కువుంటే నేనైతే కొనను. ప్రొటీన్ అంటే అమైనో ఆసిడ్లనే ముక్కల దండ, వాటిలో మెథియోనిన్ అనేది బఠాణీలో తక్కువ, లైసిన్ అనేది బియ్యం ప్రొటీన్లో తక్కువ, రెండూ కలిపిన డబ్బా అయితే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది, మన పప్పన్నం కూడా అదే లెక్క. సోయా ఐసోలేట్ అయితే ఒక్కటే సరిపోతుంది. కండకి ముఖ్యమైన లూసిన్ అనేది వే కంటే వీటిలో కొంచెం తక్కువ కాబట్టి స్కూపు కాస్త నిండుగా వేసుకుంటే సరి. ఎక్సర్సైజ్ అయిన అరగంటలో తాగకపోతే అంతా వేస్టు అని ట్రైనర్లు భయపెడతారు గానీ రోజు మొత్తం మీద ఎంత పడిందన్నదే ఎక్కువ పని చేస్తుంది. బ్రెజిల్లో కుర్రాళ్ళకి రోజుకి కిలో బరువుకి 1.6 గ్రాముల ప్రొటీన్ చొప్పున పెట్టి 12 వారాలు వెయిట్లు ఎత్తిస్తే, పాలు కూడా ముట్టకుండా సోయా తాగిన వీగన్లకీ, వే తాగి మాంసం తినేవాళ్ళకీ కాళ్ళ కండ ఒకేలా పెరిగిందని 2021లో రాశారు. 70 కిలోల వాడికి అది 112 గ్రాములు, అందులో పప్పు, పెరుగు, పెసరట్టు, మీల్ మేకరు తీసేశాక మిగిలిన దానికే డబ్బా. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడగాల్సిందే.

హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వాళ్ళు 2024 గైడ్‌లైన్స్‌లో కండల కోసం ఈ పౌడర్లు వద్దనే చెప్పారు. మంచి మాటే, కానీ అమ్మేవాళ్ళు అమ్ముతున్నారు కొనేవాళ్ళు కొంటున్నారు, ఇక మిగిలింది డబ్బాలో ఏముందో చూడటమే కదా. అదే ఏడాది మన దేశంలో అమ్మే 36 రకాలు టెస్ట్ చేస్తే దాదాపు 70 శాతం వాటిలో ప్రొటీన్ లెక్క తప్పని తేలింది, కొన్నింట్లో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కూడా దొరికింది. మొక్కలు నేలలోంచి సీసం లాక్కుంటాయి కాబట్టి మొక్కల పౌడర్లలో పాల వాటికంటే సీసం ఎక్కువ కనపడుతోందని అమెరికాలో వస్తువుల్ని టెస్ట్ చేసి చెప్పే కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే సంస్థ వాళ్ళు 2025లో చెప్పారు.

అఫ్లాటాక్సిన్ అంటే ఏంటో గుంటూరు వాళ్ళకి ఒకళ్ళు చెప్పక్కర్లేదు. మిర్చి విదేశాలకి పంపాలంటే అది ఉందా లేదా అని టెస్ట్ చేయించుకునే ఊరు ఇది, స్పైసెస్ బోర్డు ల్యాబు ఇక్కడే ఉంది. బయటి దేశం వాడు తినే కారానికి ఇంత పరీక్ష ఉంటే మన పిల్లలు పొద్దునా సాయంత్రం తాగే పొడికి ఎందుకు లేదండీ? ఫుడ్ సేఫ్టీ వాళ్ళు స్వీటు షాపులకీ హోటళ్ళకీ వెళ్ళినట్టే జిమ్ములకీ, బ్రాడీపేట, అరండల్‌పేట సప్లిమెంట్ షాపులకీ వెళ్ళి శాంపిల్స్ తీసి, రిజల్ట్ వచ్చాక ఏ డబ్బాలో ఎంతుందో బయటపెట్టాలి. లేబుల్ మీద ఇంగ్లీషో హిందీయో ఉంటే రూల్ ప్రకారం చాలట, తెలుగులో వెయ్యడం కంపెనీ వాళ్ళ ఇష్టం, అందుకే ఎవడూ వెయ్యడు. అందుకని మీరు ఒక ఆదివారం అర పేజీ కేటాయించి ఒక డబ్బా వెనక లేబుల్ని పెద్దగా వేసి ఏ లైను ఏంటో తెలుగులో రాయండి, దాన్ని కత్తిరించి నా మర దగ్గర అతికిస్తా.

ఇట్లు,
ఒక పిండి మర ఓనరు,
కొత్తపేట, గుంటూరు