సాంకేతిక విభాగం వార్షిక నివేదిక: టెర్రాఫార్మ్‌లో రిఫరెన్సుల పరీక్ష

సభ్యులందరికీ నమస్కారం.

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోని మన శాఖల వెబ్ పేజీలకు, స్కాన్ చేసిన పుస్తకాలకు కావలసిన సర్వర్ల అమరిక అంతా టెర్రాఫార్మ్ (ఫైళ్లలో రాసినదాన్ని చూసి సర్వర్లను తయారుచేసే సాధనం) ఫైళ్లలో ఉంది. ఈ ఏడాది మన శ్రమలో ఎక్కువ భాగం ఒక్క పనికే పోయింది. ఒక ఫైలు పిలిచిన పేరు (ఇలా పిలవడాన్నే రిఫరెన్స్ అంటారు) ఇంకో ఫైలులో నిజంగా ఉందా లేదా అన్నది సర్వర్ల జోలికి పోకముందే తేలిపోవాలి.

మన దగ్గర ఈ తప్పు ఎక్కువగా ఊరి పేర్ల వల్లే వస్తుంది. మనకు బరంపురం, స్టేషన్ బోర్డు మీద బ్రహ్మపుర్, పాత కాగితాల్లో బెర్హంపూర్. పర్లాకిమిడి, పర్లాఖెముండి కూడా అంతే. ఇంగ్లిషు అక్షరాల్లో రాసేటప్పుడు ఎవరికి అలవాటైనట్టు వాళ్లు రాస్తారు. టెర్రాఫార్మ్‌కు ఒక్క అక్షరం మారినా అది వేరే పేరే.

ఆ తప్పు ఎక్కడుందన్న దాన్ని బట్టి పట్టుకునే తీరు మారుతుంది. ఎక్కడా ప్రకటించని రిసోర్సునో (సర్వరు లాంటి తయారుచేయాల్సిన వస్తువు) వేరియబుల్‌నో (బయటి నుంచి ఇచ్చే విలువ) పిలిస్తే, ఫైళ్లు సరిగ్గా రాశామా అని చూసే ‘వ్యాలిడేట్’ ఆదేశమే ఆపేస్తుంది. మాడ్యూల్ (విడిగా కట్టిపెట్టిన ఫైళ్ల గుంపు) బయటికి ఇవ్వని అవుట్‌పుట్‌ను అడిగినా, ‘కౌంట్’ (ఎన్ని ప్రతులు కావాలన్న లెక్క) పెట్టిన రిసోర్సును నంబరు లేకుండా పిలిచినా, రెండు రిసోర్సులు ఒకదాని మీద ఒకటి ఆధారపడి చక్రంలో పడినా ఇక్కడే దొరుకుతుంది. దీనికి క్లౌడ్ ఖాతా తాళాలు అక్కర్లేదు. బ్యాకెండ్ (తయారైనవాటి లెక్కను దాచే చోటు) లేకుండా ‘ఇనిట్’ (ఫోల్డర్‌ను పనికి సిద్ధం చేసే ఆదేశం) చేస్తే చాలు.

ఊళ్ల పట్టికతో ‘ఫర్ ఈచ్’ నడిపి ఊరికొక రిసోర్సు చేసినప్పుడు సంగతి వేరు. పట్టికలో లేని ఊరిని పిలిచినా వ్యాలిడేట్ పచ్చజెండా ఊపుతుంది, ఎందుకంటే ఏయే ఊళ్లు తయారవుతాయో ఆ దశలో అది లెక్కించదు. ఆ తప్పు ‘ప్లాన్’లో (ఏమేం మారతాయో ముందుగా చూపే ఆదేశం) గాని బయటపడదు. ఇంతకన్నా ప్రమాదం ‘ట్రై’ ఫంక్షన్, ఒక విలువ దొరక్కపోతే దాని బదులు మరొకటి ఇచ్చేది. ప్రకటించని రిసోర్సును అది కప్పిపుచ్చలేదు గాని, పట్టికలో పేరు తప్పయితే చప్పుడు చేయకుండా డిఫాల్ట్ విలువకు జారిపోతుంది. గుణుపురం పేజీ బరంపురం చిరునామాతో తెరుచుకున్నా ఏ ఎర్రగీతా కనబడదు. అందుకే ఊరి పేరు వచ్చే ప్రతిచోటా ‘ట్రై’ తీసేశాం.

దాని బదులు, ఇచ్చిన ఊరు పట్టికలో ఉందా అని వేరియబుల్ వ్యాలిడేషన్ షరతులోనే (ఇచ్చిన విలువ చెల్లుతుందా అని మనం రాసుకునే షరతు) అడుగుతున్నాం. 2024 జూన్‌లో వచ్చిన 1.9 వెర్షన్‌కు ముందు ఆ షరతు తన వేరియబుల్‌ను తప్ప మరొకదాన్ని చూడలేకపోయేది. ఇప్పుడు లోకల్ విలువలను (ఫైళ్లలోనే పేరు పెట్టుకున్నవి) కూడా చూస్తుంది. కాబట్టి శాఖలన్నీ 1.9 గాని, ఆపైది గాని పెట్టుకోవాలి.

ఇక పరీక్షలు. 1.6తో వచ్చిన ‘టెర్రాఫార్మ్ టెస్ట్’ ఆదేశంలో ‘ఎక్స్‌పెక్ట్ ఫెయిల్యూర్స్’ (ఇది విఫలం కావాలి అని ముందే చెప్పే వరుస) మనం రాసిన షరతులకే పనిచేస్తుంది. ప్రకటించని పేరును దానితో పరీక్షించలేం, ఫైలే చెల్లకపోతే టెస్ట్ మొదలే కాదు. పైగా ‘రన్’ బ్లాకులో (పరీక్షలోని ఒక్కో అంచె) ఏమీ చెప్పకపోతే అది ‘అప్లై’ చేస్తుంది, అంటే నిజం సర్వర్లు లేస్తాయి, బిల్లు పడుతుంది. ప్రతి బ్లాకులో ‘ప్లాన్’ అని రాసి తీరాలి. 1.7 నుంచి ఉన్న మాక్ ప్రొవైడర్ (అసలు క్లౌడ్‌కు బదులు నటించేది) వాడితే ఖాతా లేకుండానే నడుస్తుంది. కాకపోతే అది ఐడీల స్థానంలో అర్థంలేని 8 అక్షరాలు పెడుతుంది. ఐడీ ఆకారం చూసే షరతులు దాంతో విరుగుతాయి, అలాంటి చోట విలువ మనమే ఇవ్వాలి.

ప్రకటించని పేర్లకు వేరే స్క్రిప్టు ఉంది. కావాలని చెడగొట్టిన చిన్న ఫోల్డర్లు, ఒక్కో ఫోల్డర్లో ఒక్క తప్పు. ఒక్కోదాని మీద వ్యాలిడేట్‌ను జేసన్ రూపంలో (ఇంకో ప్రోగ్రాం చదవగలిగే రూపం) నడిపి, తప్పుల సంఖ్య 1 అవునా, సారాంశం ‘రిఫరెన్స్ టు అన్‌డిక్లేర్డ్ రిసోర్స్’ అవునా, లైను నంబరు మనం చెడగొట్టిన లైనేనా అని మూడూ చూస్తుంది. విఫలమైంది కదా అని సంతోషపడి వదిలేస్తే మోసపోతాం. ప్లగిన్ (టెర్రాఫార్మ్‌ను క్లౌడ్‌తో కలిపే భాగం) దిగకపోయినా, ఇనిట్ మరిచిపోయినా అది విఫలమే, అసలు తప్పును ఎవరూ పరీక్షించనట్టే. పక్కనే అదే ఫోల్డర్ సరైన ప్రతి కూడా ఉండి, అది నెగ్గాలి.

వానాకాలంలో కొండల వైపు శాఖలకు నెట్ నిలవదు, ప్రొవైడర్ ప్లగిన్లు చూస్తే బరువు. అందుకని ఈ ఫోల్డర్లన్నీ ‘టెర్రాఫార్మ్ డేటా’ రిసోర్సుతో రాశాం. 1.4 నుంచి అది టెర్రాఫార్మ్‌లోనే ఉంది, ఏదీ దింపుకోనక్కర్లేదు. అసలు ఫైళ్లకు మాత్రం ప్లగిన్ కాష్ ఫోల్డర్ (ఒకసారి దింపిన ప్లగిన్లను దాచుకునే చోటు) పెట్టుకోండి. ఆ ఫోల్డర్‌ను ముందే మీరు తయారుచేయాలి, టెర్రాఫార్మ్ చేయదు.

జమాఖర్చులు కోశాధికారి గారి నివేదికలో ఉంటాయి.

మిగిలిపోయిన పని ఒకటుంది. కొన్ని పాత ఫైళ్లలో నెట్‌వర్క్ ఐడీని రిఫరెన్స్‌గా కాకుండా కొటేషన్ల మధ్య అక్షరాలుగా అతికించారు. ఏ పరీక్షకూ అది తప్పుగా కనబడదు, కానీ ఏది ముందు తయారవ్వాలో టెర్రాఫార్మ్‌కు తెలియకుండా పోతుంది. రాయగడ, జయపురం శాఖల వారు తమ ఫైళ్లలో అలాంటి ఐడీలను వెతికి, లైను నంబర్లతో విభాగానికి పంపగలరు.