పికప్ ఏసీ చల్లగా రాకపోతే

అన్నలూ, తమ్ముళ్లూ! సిరోంచ నుంచి ఆలపల్లి మీదుగా చంద్రపూర్ లోడు కొట్టేవాళ్లు రోజూ ఏసీ గోడే చెబుతున్నారు. దయచేసి వెంటనే గ్యాస్ నింపించకండి. అది డీజిల్‌లా ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే.

ముందు ఇంజను ఆన్‌లో పెట్టి, ఏసీ వేసి, బానెట్ ఎత్తి చూడండి. బెల్టుకు చేతులు దూరం. కంప్రెసర్ (గ్యాస్‌ను నొక్కే పంపు)ను బెల్టుతో కలిపే క్లచ్ టక్కున పట్టుకోకపోతే ఫ్యూజు, రిలే చూడాలి. గ్యాస్ బాగా తగ్గినా ప్రెషర్ స్విచ్ దాన్ని పట్టనివ్వదు. నడుస్తుంటే చల్లగా ఉండి, ఆగగానే వేడిగాలి వస్తే నా అనుమానం కండెన్సర్ (రేడియేటర్ ముందుండే, గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) ఫ్యాన్ మీదే. ఫ్యాన్ తిరుగుతుంటే, బండి చల్లారాక కండెన్సర్‌కు పట్టిన దుమ్ము, పత్తి నూగు నీళ్లతో మెల్లగా కడగండి. వాటర్ సర్వీసు గన్ను దగ్గర పెడితే కండెన్సర్ సన్న రేకులు వంగిపోతాయి. పైపుల జాయింట్ల దగ్గర నూనె జిడ్డుంటే మెకానిక్‌కు అదే చూపించండి.

లీకు బాగుచేశాక వాక్యూమ్ పెట్టి (పైపుల్లోని గాలి, తేమ లాగేసి), బానెట్ కింద స్టిక్కర్ మీదున్న రకం గ్యాసే, అక్కడ రాసినన్ని గ్రాములే నింపమనండి. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది. వాక్యూమ్ ఎందుకులే అనేవాడి దగ్గర బండి పెట్టొద్దు. గ్యాస్ నింపే వాల్వు మాత్రం మీరే విప్పకండి, గ్యాస్ తగిలితే చర్మం గడ్డకట్టి పుండవుతుంది.