వారం రోజుల రాజుగారు

అందరికీ నమస్కారమండీ. చిన్నప్పుడే పోయినవాళ్ళ పేర్లు వంశవృక్షంలో రాయాలా వద్దా అని నిన్న ఇక్కడ పెద్ద చర్చే నడిచింది. ఒకప్పుడు ఆంధ్రతీరాన్ని ఏలిన వేంగి చాళుక్యుల రాగిరేకులు, అంటే దానాలు చెక్కించిన శాసనాలు చూడండి. ఎవరు ఎన్నాళ్ళు ఏలారో వాటిలో వరసగా ఉంటుంది. కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్ళు, జయసింహుడు 33 ఏళ్ళు, తర్వాత ఇంద్రభట్టారకుడు 7 రోజులు! వారం ఏలినాయన్నీ వదల్లేదు. కాబట్టి రాయాలనే నా ఓటు.

రేకులు గుచ్చిన కడియం మీద ముద్ర కూడా చూడదగ్గది. వరాహం, అంకుశం, సూర్యచంద్రులు, మధ్యలో 'శ్రీ త్రిభువనాంకుశ', అడుగున తామర. ఇంగ్లండులో కోటాఫ్ ఆర్మ్స్ (వంశచిహ్నాలు) పుట్టకముందు సంగతి ఇది.

మీ ఇళ్ళలో పాత దస్తావేజులుంటే ఆదివారంలోగా ఫొటోలు పెట్టండి. ముద్ర ఉన్న వైపు మర్చిపోవద్దు. ఫ్లాష్ మాత్రం వద్దండీ, పక్కనుంచి లైటు పడితేనే చెక్కిన అక్షరాలు, ముద్రలు తేలతాయి.