పోవడానికి పదకొండు గంటలు, రావడానికి ఆరేనా?

అమ్మడూ,

టోక్యో పోవడానికి పదకొండు గంటలైతే రావడానికి ఆరేనా అని నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. పక్కనుంచి మీ అమ్మ "టికెట్ తప్పు కొట్టారేమో" అని నన్నూ కంగారుపెట్టింది. టికెట్లో తప్పేం లేదు. పొద్దున్నే కూర్చుని లెక్క చూశాను.

ఢిల్లీలో రాత్రి 8 గంటలకు ఎక్కితే టోక్యోలో పొద్దున 7కి దిగుతావు. చూడ్డానికి 11 గంటలు. తిరిగొచ్చేటప్పుడు అక్కడ 11:30కి ఎక్కితే ఢిల్లీలో సాయంత్రం 5:30. అంటే ఆరు! కానీ ఏ ఊరి టైము ఆ ఊరి గడియారం ప్రకారం వేస్తారు. జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. పోయేటప్పుడు అది తీసెయ్, వచ్చేటప్పుడు కలుపు. పోవడానికి ఏడున్నర, రావడానికి తొమ్మిదిన్నర. మనం అనుకున్నదానికి పూర్తిగా తలకిందులు.

దూరం కూడా అడిగావు కదా. అటక మీంచి నీ చిన్నప్పటి గ్లోబు దించాను. దక్షిణ ధ్రువం దగ్గర నువ్వు పీకేసిన మర ఇప్పటికీ లేదు, ఓ చేత్తో పట్టుకునే పని కానిచ్చాను. రెండు ఊళ్ల మధ్య దారం బిగించి కొలిస్తే 14 సెంటీమీటర్లకు రవ్వంత తక్కువ. ఆ గ్లోబు మీద సెంటీమీటరుకు సుమారు 425 కిలోమీటర్లు. మొత్తం 5,860 దాకా వస్తుంది. గంటకు 900 చొప్పున ఆరున్నర గంటల్లో దిగిపోవాలి మరి.

దిగదు. దారం టిబెట్ మీదుగా పోయింది, విమానాలు మామూలుగా అటు పోవు. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే మాస్కుల్లో ఆక్సిజన్ సుమారు పావుగంటే వస్తుంది. ఆలోగా విమానం 3,000 మీటర్ల దాకా కిందికి రావాలి. టిబెట్ నేలే సగటున 4,500 మీటర్ల ఎత్తు, ఇంక ఎక్కడికి దిగుతుంది? అందుకని దక్షిణంగా చుట్టు తిరిగి పోతారు. ఈ మాస్కుల సంగతి మీ అమ్మ చెవిన వెయ్యకు.

ఇక ఆ రెండు గంటల తేడా గాలిది. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు ఓ గాలి నదిలా పారుతుంది, జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో జపాన్ మీద అది గంటకు 300 కిలోమీటర్లు దాటే రోజులుంటాయి. పోయేటప్పుడు వెనకనుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురు నిలబడుతుంది. దీన్ని 1920ల్లో బెలూన్లు ఎగరేసి గమనించిన మనిషి కూడా జపాన్ ఆయనే, ఓయిషి వాసబురో. ప్రపంచమంతటికీ అర్థం కావాలని పాపం, అన్ని దేశాలకూ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన ఎస్పెరాంటో భాషలో అచ్చు వేయించాడు. చదివినవాళ్లే లేరు!

నువ్వొచ్చేది జనవరిలో. ఎదురుగాలి గట్టిగా ఉంటుంది, పైగా ఢిల్లీలో పొగమంచు. కాబట్టి ఏడున్నరకున్న ఇంటి ఫ్లైట్ వద్దు. తొమ్మిది దాటాక ఉన్నదే బుక్ చెయ్. రెండు గంటలు కూర్చుంటే కాళ్లేం అరిగిపోవు.

వచ్చేటప్పుడు కుడివైపు కిటికీ సీటు తీసుకో. సూర్యుడి వెంటే ప్రయాణం కాబట్టి దారంతా వెలుతురే. మబ్బు లేకపోతే చివరి గంటలో హిమాలయాలు కనిపిస్తాయి. ఒక ఫోటో తియ్యి. మీ అమ్మకు చూపించి, విమానం దారంలా తిన్నగా పోకుండా ఎందుకు చుట్టు తిరుగుతుందో అప్పుడు చెప్తాను.

నాన్న